ఉపోత్పత్తి మేతల జీర్ణతపై ప్రోబయోటిక్‌ల ప్రభావం: రాప్తాడు మెట్ట పరిస్థితులలో ఒక పరిశీలన

అనంతపురం నగరానికి దక్షిణంగా, బెంగళూరు రహదారిపై ఉన్న రాప్తాడు మండలంలో పశువు తినేది పొలం మిగిల్చినదే. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం, అది కూడా వేళకు రాని వర్షం, లోతు తక్కువైన ఎర్ర గరప నేలలు, వాటిపై ఖరీఫ్ వేరుశనగ, అంతర పంటగా కంది – ఇదీ ఇక్కడి వ్యవసాయం. ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టార్లలో సాగైన వేరుశనగ ఇటీవల బాగా తగ్గినప్పటికీ, పాడి పశువులకు, గొర్రెలకు ఆధారం నేటికీ ఆ పంట నుంచి వచ్చే కట్టెయే. పచ్చిమేతకు నీరున్న రైతులు కొద్దిమందే. మిగిలినవారు వేరుశనగ కట్టె, కంది పొట్టు, జొన్న చొప్ప, తుంగభద్ర ఎగువ కాలువ ఆయకట్టు నుంచి లారీలపై వచ్చే వరిగడ్డి, వీటికి తోడు గానుగ చెక్క, తవుడులతో సంవత్సరం గడుపుతున్నారు.

ఈ మేతల జీర్ణతను పెంచుతాయని చెప్పబడుతున్న ప్రోబయోటిక్ పొడులు ఇటీవల గ్రామస్థాయి దుకాణాలలో కూడా లభిస్తున్నాయి. రెండేళ్ల కిందట ఒక గ్రామసభలో భూసార పరీక్షలను గురించి నేను మాట్లాడి ముగించిన తరువాత, ఒక పెద్దాయన లేచి, "సార్, భూమి సంగతి సరే, ఆ పొట్లం పొడి ఏస్తే ఆవు పాలు పెంచుతాదా, లేకుంటే ఆ దుడ్డుతో చెక్క కొనేదే మేలా?" అని అడిగినారు. సస్యశాస్త్రం చదివినవాణ్ణి కనుక, పశువైద్యులను అడగవలసినదిగా చెప్పి తప్పించుకొన్నాను. ఆ సమాధానం నాకే తృప్తినివ్వలేదు. మనం పండించే పంటలో బరువు లెక్కన సగం పైగా కట్టెయే. దాని విలువ పశువు కడుపులో తేలవలసినప్పుడు, ఆ కడుపులో ఏమి జరుగుతుందో సస్యశాస్త్రజ్ఞుడికి కూడా తెలియాలి. విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఆ ప్రశ్న తప్పక ఎదురవుతుంది కనుక, దానికి సమాధానం చెప్పే ప్రయత్నమే ఈ వ్యాసం.

మేతల స్వభావం

ఉపోత్పత్తి మేతలన్నింటినీ ఒకే గాటన కట్టడం మొదటి పొరపాటు. వేరుశనగ కట్టెలో ముడి మాంసకృత్తులు సాధారణంగా 8 నుంచి 12 శాతం వరకు ఉంటాయి. జొన్న చొప్పలో 4 నుంచి 5 శాతం, వరిగడ్డిలో 3 నుంచి 4 శాతం మాత్రమే. వేరుశనగ కాయ పొట్టులో 6 శాతం వరకు మాంసకృత్తులు కనిపించినా, అందులో లిగ్నిన్ నాలుగో వంతుకు పైగా ఉండడం వల్ల పశువుకు దక్కేది స్వల్పం. వరిగడ్డిలో లిగ్నిన్ అంత ఎక్కువ లేకపోయినా సిలికా అధికం.

జీర్ణత తక్కువగా ఉండడానికి కారణం ఒక్కో మేతలో ఒక్కో విధంగా ఉన్నదని దీనిని బట్టి తెలుస్తుంది. కాయ పొట్టులో అడ్డుగోడ లిగ్నిన్. పెద్దపొట్టలో ప్రాణవాయువు ఉండదు. లిగ్నిన్‌ను విచ్ఛిన్నం చేసే తెల్లకుళ్లు శిలీంధ్రాలకు ప్రాణవాయువు తప్పనిసరి. కాబట్టి ఏ ప్రోబయోటిక్ పొట్లమూ కాయ పొట్టును మేతగా మార్చజాలదు. తెల్లకుళ్లు శిలీంధ్రాలను గడ్డిపై బయటనే పెంచి, ఆపై మేపవచ్చునన్న ఆలోచన లేకపోలేదు. యూరియాతో శుద్ధి చేసిన గడ్డిపై కోప్రినస్ అనే మరొక శిలీంధ్రాన్ని పెంచే పద్ధతిని 1980 దశకంలో కర్నాల్‌లో అభివృద్ధి చేశారు. కానీ శిలీంధ్రం తాను పెరగడానికి గడ్డిలోని పిండిపదార్థాలనే తిన్నది. మిగిలిన గడ్డి బరువు తగ్గింది. రైతుల స్థాయిలో అది నిలువలేదు.

వరిగడ్డిలో, జొన్న చొప్పలో మొదటి కొరత నత్రజని. వేరుశనగ కట్టెలో ఈ రెండు ఇబ్బందులూ అంతగా లేవు. అక్కడ నష్టం ఎక్కువగా పొలంలోనే జరుగుతున్నది. దీనిని తరువాత ప్రస్తావిస్తాను.

పెద్దపొట్టలోని జనాభా

నెమరువేయు పశువుకు పీచును అరిగించే ఎంజైములు స్వంతంగా లేవు. ఆ పనిని పెద్దపొట్టలోని బాక్టీరియా, ప్రోటోజోవా, వాయురహిత శిలీంధ్రాలు చేస్తాయి. ఫైబ్రోబాక్టర్ సక్సినోజెనెస్, రూమినోకాకస్ ఆల్బస్, రూమినోకాకస్ ఫ్లేవిఫేసియెన్స్ అనే మూడు బాక్టీరియాలు సెల్యులోజును విడగొట్టడంలో ప్రధానమైనవి. వీటిని ప్రాణవాయువు తగలకుండా పెంచే విధానాన్ని రాబర్ట్ హంగేట్ అమెరికాలో రూపొందించిన తరువాతనే ఈ శాస్త్రం ముందుకు సాగింది. నియోకాలిమాస్టిక్స్, ఓర్పినోమైసిస్ వంటి శిలీంధ్రాలను 1970 దశకంలో ఇంగ్లండులో కోలిన్ ఓర్పిన్ గుర్తించే వరకు, వాటి చలించే బీజాలను ప్రోటోజోవాలని భావించేవారు. ఈ శిలీంధ్రాలు లిగ్నిన్‌ను తినవు. అయితే గడ్డి కణజాలంలోకి తమ పోగులను చొప్పించి చీల్చుతాయి. ఆ చీలికలలోకి బాక్టీరియా ప్రవేశిస్తుంది. మన దేశంలో ఇజ్జత్‌నగర్, కర్నాల్ సంస్థలలో ఈ శిలీంధ్రాలను ప్రోబయోటిక్‌లుగా వాడే పరిశోధనలు జరిగాయి. గాలి తగిలితే చనిపోయే జీవిని పొడిగా మార్చి, పల్లె దుకాణం వరకు ప్రాణంతో చేర్చడం ఎట్లా అన్నదే అక్కడ మిగిలిన చిక్కు.

విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవాలి. ఆవు పెద్దపొట్టలో సుమారు 60 లీటర్ల సరుకు ఉంటుందని అనుకొందాం. ఒక్కొక్క మిల్లీలీటరులో బాక్టీరియా వెయ్యి కోట్లు తక్కువ ఉండవు. మొత్తం ఆరు కోట్ల కోట్లు. మనం రోజుకు ఇచ్చే ఈస్ట్ మోతాదు ఎంత? మంచి పొడిలో గ్రాముకు వెయ్యి కోట్ల జీవకణాలుంటే, ఒక గ్రాము వేసినప్పుడు అరవై వేల స్థానిక బాక్టీరియాకు ఒక్క ఈస్ట్ కణం వంతు. ఇది చెరువులో చెంబెడు నీళ్లు పోయడం కన్నా తక్కువ. పైగా బేకరీ ఈస్ట్ జాతికి చెందిన శాకరోమైసిస్ సెరివిసియే 39 డిగ్రీల పెద్దపొట్ట వేడిలో వృద్ధి చెందదు. ఒకటి రెండు రోజులలో నశించి, పేడతో పోతుంది. అందువల్లనే ప్రతిదినమూ వేయవలసి వస్తుంది. "ఒకసారి వేస్తే కడుపులో స్థిరపడి, తరువాత దానంతటదే పనిచేస్తుంది" అని ఎవరైనా చెప్పితే, ఈస్ట్ విషయంలో అది సరికాదని చెప్పవలసిన బాధ్యత మనది.

ఇంత తక్కువ సంఖ్యలో ఉన్న ఈస్ట్ ఏమైనా చేయగలదా? చేయగలదు. ఎట్లాగన్నదే ఈ విషయంలో ఆసక్తికరమైన భాగం.

ఈస్ట్ పనిచేసే విధానం

ఈస్ట్ స్వయంగా పీచును అరిగించదు. మేతతో, తాగే నీటితో, లాలాజలంతో పాటు ఎంతో కొంత గాలి పెద్దపొట్టలోకి చేరుతూనే ఉంటుంది. గొర్రె విషయంలో ఇది రోజుకు 16 లీటర్ల ప్రాణవాయువు వరకు ఉండవచ్చునని అంచనా. సెల్యులోజును విడగొట్టే బాక్టీరియాకు ప్రాణవాయువు విషం వంటిది. జీవించి ఉన్న ఈస్ట్ శ్వాసించి ఆ ప్రాణవాయువును ఖర్చు చేస్తుంది. గాలి తొలగిన చోట పీచు బాక్టీరియా పుంజుకొంటుంది. స్కాట్లండులో న్యూబోల్డ్, వాలెస్, మెకింటోష్‌లు దీనిని 1996లో ఒక చక్కని ప్రయోగంతో చూపించారు. శ్వాసించే శక్తి కోల్పోయిన ఈస్ట్ ఉత్పరివర్తనాలను వాడినప్పుడు బాక్టీరియా సంఖ్య పెరగలేదు. శ్వాసించే మాతృ రకాన్ని వాడినప్పుడు పెరిగింది. ప్రశ్నను ఇంత సూటిగా అడిగిన ప్రయోగాలు ఈ రంగంలో ఎక్కువ లేవు. పోస్టుగ్రాడ్యుయేట్ విద్యార్థులు దానిని తప్పక చదవాలి.

రెండవ మార్గం ఆమ్లత్వానికి సంబంధించినది. ధాన్యం, పిండి ఎక్కువగా తిన్నప్పుడు పెద్దపొట్టలో లాక్టిక్ ఆమ్లం పేరుకొని ఉదజని సూచిక 6 కన్నా తగ్గితే పీచు బాక్టీరియా పని మందగిస్తుంది. లాక్టిక్ ఆమ్లాన్ని వాడుకొనే మెగాస్ఫెరా ఎల్స్‌డెనీ, సెలెనోమోనాస్ రూమినాన్షియం వంటి బాక్టీరియాను ఈస్ట్ ప్రోత్సహిస్తుంది. ఆ మేరకు ఆమ్లత్వం అదుపులో ఉంటుంది.

ఈ రెండవ మార్గం రాప్తాడులో ఎంతవరకు వర్తిస్తుందన్నది వేరే ప్రశ్న. రోజుకు పది కిలోల దాణా తినే ఆవుకు ఆమ్లత్వ సమస్య ఉంటుంది. వరిగడ్డి, చొప్ప నములుతూ, సాయంత్రం కిలో తవుడు తాగే ఆవుకు ఆ సమస్య రాదు. లేని జబ్బుకు మందు పనిచేయడం లేదని మందును నిందించనవసరం లేదు, కొనవలసిన అవసరమూ లేదు.

లాక్టోబాసిల్లస్, బాసిల్లస్ వంటి బాక్టీరియా ప్రోబయోటిక్‌లు ప్రధానంగా దూడల పేగులలో, విరేచనాల నివారణలో ఉపయోగపడేవి. ఎదిగిన పశువు పెద్దపొట్టలో పీచు జీర్ణతకు వాటి సహాయం తక్కువ. కొన్ని పొట్లాలలో ఎంజైములను కూడా కలిపి ప్రోబయోటిక్ పేరుతోనే అమ్ముతున్నారు. ఎంజైము జీవి కాదు. ఆ తేడాను శిక్షణ కార్యక్రమాలలో చెప్పడం మంచిది.

మేలు ఎంత?

ఫ్రాన్సుకు చెందిన డెనోయే బృందం 2009లో ప్రచురించిన సమగ్ర విశ్లేషణ ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో అన్నింటికన్నా నిలకడైన సమాధానం. 110 పరిశోధన పత్రాలలోని 157 ప్రయోగాలను వారు కలిపి చూశారు. ఈస్ట్ ఇచ్చినప్పుడు సేంద్రియ పదార్థ జీర్ణత సగటున 0.8 శాతం యూనిట్లు, పెద్దపొట్ట ఉదజని సూచిక 0.03, పాల దిగుబడి శరీర బరువులో కిలోకు 1.2 గ్రాములు పెరిగాయి. అంటే 400 కిలోల ఆవుకు రోజుకు అరలీటరుకు కొద్దిగా తక్కువ. మేత తినే పరిమాణం కూడా కొంత పెరిగింది. ఈ ప్రయోగాలలో అధికభాగం దాణా బాగా తినే పశువులతో జరిగినవని గుర్తుంచుకోవాలి.

జీర్ణతలో ఒక యూనిట్ పెరుగుదల వలన వచ్చేదెంతో మన మేతలతో లెక్కిద్దాం. ఆవు రోజుకు 8 కిలోల పొడి పదార్థం తింటే, ఒక యూనిట్ అంటే అదనంగా జీర్ణమయ్యేది 80 గ్రాములు. దాని నుంచి లభించే శక్తి సుమారు 0.29 మెగా కేలరీలు. లీటరు పాలకు సుమారు 1.2 మెగా కేలరీలు కావాలి. కాబట్టి పెరిగేది పావు లీటరు, అదీ ఆ శక్తి అంతా పాలకే పోయినప్పుడు. ఈనిన తరువాత చిక్కిపోయిన ఆవు ముందుగా తన ఒంటికి తెచ్చుకొంటుంది. పావు లీటరు పాల ధర ఎంత, ఒక రోజు పొడి ధర ఎంత అన్న లెక్కను రైతు మన కన్నా వేగంగా వేయగలడు. ఆ లెక్కకు కావలసిన అంకెను ఇవ్వడం మన పని.

దీని పక్కన మరొక అంకెను ఉంచి చూడాలి. ఇక్రిశాట్‌కు చెందిన నిగమ్, అంతర్జాతీయ పశుసంవర్ధక పరిశోధన సంస్థకు చెందిన బ్లుమెల్ కలిసి 860 వేరుశనగ జన్యు రకాల కట్టెను పరీక్షించి 2010లో ఫలితాలను ప్రకటించారు. ప్రయోగశాలలో కొలిచిన జీర్ణత రకాన్ని బట్టి సుమారు 52 నుంచి 61 శాతం వరకు, నత్రజని 1.2 నుంచి 2.3 శాతం వరకు మారింది. కాయ దిగుబడికి, కట్టె నాణ్యతకు మధ్య తప్పనిసరి వైరం లేదని కూడా తేలింది. పది రకాల కట్టెను మాత్రమే మేపిన గొర్రెలలో రోజువారీ బరువు పెరుగుదల రకాన్ని బట్టి 65 గ్రాముల నుంచి 137 గ్రాముల వరకు ఉన్నది. అనగా విత్తనం మార్పుతో రాగల తేడా తొమ్మిది యూనిట్లు, ఈస్ట్‌తో సగటున ఒక యూనిట్ లోపు. అనంతపురం రైతుల పొలాలలోకి ఐసిజివి 91114 రకం వచ్చినప్పుడు దాని కట్టెను పశువులు ఇష్టంగా తినడం, పాలు పెరగడం గమనించిన అనుభవం ఈ పరిశోధనలకు తోడ్పడింది. మన రకాల విడుదల ప్రతిపాదనలలో కాయ దిగుబడి, నూనె శాతం, తెగుళ్లను తట్టుకొనే గుణం ఉంటాయి. కట్టె జీర్ణతకు ఒక గడి ఎందుకు ఉండరాదో సస్యశాస్త్ర, ప్రజనన శాస్త్రజ్ఞులు ఆలోచించాలి.

పొలంలో పోయే జీర్ణత

వేరుశనగ కట్టెలో విలువ అంతా ఆకులోనే ఉంటుంది. కాండంతో పోల్చితే ఆకులో మాంసకృత్తులు దాదాపు రెట్టింపు. తిక్క ఆకుమచ్చ తెగులు, తుప్పు తెగులు వచ్చి ఆకు రాలితే, ఇంటికి చేరేది పుల్లలు మాత్రమే. ఆకుమచ్చకు మందు కొట్టాలా వద్దా అని లెక్క వేసేటప్పుడు కాయలో నష్టాన్నే చూస్తున్నాం. రాలిన ఆకు విలువను కూడా కలిపితే ఆ లెక్క మారవచ్చును. 2000 సంవత్సరంలో కాండం కుళ్లు వైరస్ తెగులు జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్లను దెబ్బతీసినప్పుడు నష్టం కాయలలోనే లెక్కించబడింది. ఆ ఏడాది మేత కూడా పోయిందని పశువులున్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఎర్రనేలలో పీకిన మొక్కతో వేరుమట్టి కూడా వామిలోకి చేరుతుంది. బూడిద శాతం పెరిగి, తూకం ఎక్కువ, మేత తక్కువ అవుతుంది. పీకిన వెంటనే మట్టి దులపడం, ఓదెలను తిరగవేసి నీడపట్టున ఆరబెట్టడం, ఆకు మరీ పొడిపొడి కాకముందే ఉదయపు చల్లదనంలో వామి వేయడం – వీటికి ఖర్చు కూలి ఒక్కటే. అక్టోబరు, నవంబరు వానలలో తడిసి నల్లబడిన కట్టె సంగతి వేరు. బూజు పట్టిన కట్టెనుగాని, బూజు కాయల నుంచి తీసిన చెక్కనుగాని మేపితే అఫ్లాటాక్సిన్ ప్రమాదం ఉంటుంది. దానిలో కొంత భాగం ఎం1 రూపంలో పాలలోకి వస్తుంది. పాలలో దీనికి మన దేశంలో ఉన్న పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు. పంట చివరి దశలో బెట్ట తగిలిన అనంతపురం కాయలలో ఈ శిలీంధ్రం సులభంగా చేరుతుంది. ప్రోబయోటిక్ వేస్తే బూజు మేత ఫరవాలేదన్న మాట నేను విన్నాను. అది ప్రమాదకరమైన మాట.

నత్రజని ముందు, సూక్ష్మజీవి తరువాత

పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు పెరగడానికి అమ్మోనియా కావాలి. మేతలో ముడి మాంసకృత్తులు సుమారు 7 శాతం కన్నా తగ్గితే వాటికి నత్రజని చాలదు. ఉన్న బాక్టీరియాయే ఆకలితో ఉన్నప్పుడు బయటి నుంచి మరికొన్నింటిని పంపడం, కరువు ఊరికి బంధువులను పంపడం వంటిది. ఆస్ట్రేలియాకు చెందిన లెంగ్, మన జాతీయ పాడి అభివృద్ధి సంస్థ కలిసి 1980 దశకంలో యూరియా–బెల్లపు మడ్డి–లవణాల ఇటుకలను ప్రచారం చేసింది ఈ సూత్రంపైనే.

రాప్తాడు ఇళ్లలో నేను గమనించిన ఒక అలవాటు ఇక్కడ చెప్పవలసి ఉంది. నూర్పిడి అయిన నాటి నుంచి వేరుశనగ కట్టెను విరివిగా వేస్తారు. సంక్రాంతి దాటి, శివరాత్రి నాటికి వామి అడుగంటుతుంది. ఆపై వానలు పడే దాకా వరిగడ్డి ఒక్కటే. అంటే ఏడాదిలో కొన్ని నెలలు మాంసకృత్తులు అవసరానికి మించి, ఎండాకాలమంతా అవసరంలో సగం. ఇదే కట్టెను, ఇదే గడ్డిని మొదటి నుంచి కలిపి మేపితే ఏమవుతుంది? 3 కిలోల కట్టెలో 10 శాతం చొప్పున 300 గ్రాములు, 3 కిలోల వరిగడ్డిలో మూడున్నర శాతం చొప్పున 105 గ్రాములు, మొత్తం 6 కిలోలలో 405 గ్రాముల మాంసకృత్తులు. శాతం 6.75. పైసా ఖర్చు లేకుండా గీతకు దాదాపుగా చేరుకొన్నాం. వరిగడ్డి ఒక్కటే 6 కిలోలు వేస్తే 210 గ్రాములు, మూడున్నర శాతం దగ్గరే ఆగిపోతాం. అప్పుడు అర కిలో వేరుశనగ చెక్క చేర్చినా మరో 210 గ్రాములు వచ్చి, శాతం ఆరున్నరకు చేరుతుంది. గ్రామసభలో పెద్దాయన అడిగిన ప్రశ్నకు సమాధానం ఈ లెక్కలోనే ఉన్నది. ఆయన పశువు వరిగడ్డి తింటున్నంత కాలం, ఆ డబ్బుతో చెక్క కొనడమే మేలు.

చెక్క కొనలేనివారికి వరిగడ్డిని యూరియాతో సుపోషకం చేసే పద్ధతి ఉన్నది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, పాలిథిన్ పట్టాతో గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచాలి. విడుదలైన అమ్మోనియా లిగ్నిన్‌కు, హెమిసెల్యులోజుకు మధ్యనున్న బంధాలను కొంత సడలిస్తుంది. జీర్ణత 5 నుంచి 10 యూనిట్లు పెరుగుతుంది. మాంసకృత్తులు 7 శాతం దాటుతాయి. 4 కిలోల యూరియాలో ఉన్న నత్రజని మాంసకృత్తుల లెక్కలో పదకొండున్నర కిలోలకు సమానం కాగా, కుప్ప తెరిచినప్పుడు దాదాపు మూడింట రెండు వంతులు ఆవిరై పోతుంది. మేపడానికి ముందు గంటసేపు గాలికి ఆరబెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు ఇవ్వరాదు. యూరియా నీళ్ల బకెట్టును పశువు మూతి అందే చోట ఉంచితే ప్రాణహాని. వేరుశనగ కట్టెకు ఈ శుద్ధి అవసరం లేదు.

ఈ పద్ధతి దశాబ్దాలుగా మన కరపత్రాలలో ఉన్నప్పటికీ వాడకంలోకి అంతగా రాలేదు. రైతు అజ్ఞానం అని మనం సరిపెట్టుకొంటున్నాం. తాగునీటికే ట్యాంకరు వచ్చే ఊరిలో గడ్డికి 50 లీటర్ల నీరు, సబ్సిడీ యూరియా పంటకే దొరకని కాలంలో గడ్డికి యూరియా, ఇద్దరు కూలీలు, 21 రోజుల నిరీక్షణ. పొట్లమైతే చింపి వేస్తే చాలు. ప్రోబయోటిక్‌ల ఆకర్షణ ఇందులోనే ఉన్నదని నా అభిప్రాయం.

సుబాబుల్ పాఠం

పెద్దపొట్టలో ఒక కొత్త బాక్టీరియాను శాశ్వతంగా ప్రవేశపెట్టడం అసాధ్యమేమీ కాదు. మన గట్లపై పెరిగే సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే పదార్థం ఉన్నది. అది పెద్దపొట్టలో డిహెచ్‌పి అనే మరొక విషంగా మారి థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తుంది. ఆస్ట్రేలియాలో సుబాబుల్ మేసిన పశువులు వెంట్రుకలు రాలి చిక్కిపోతుండగా, హవాయి, ఇండొనేషియాల మేకలు అదే ఆకును మేసి ఆరోగ్యంగా ఉండడాన్ని రేమండ్ జోన్స్ గమనించారు. 1980 దశకం మొదట్లో ఆ మేకల పెద్దపొట్ట ద్రవాన్ని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించగా విషలక్షణాలు పోయాయి. మందలో ఒకదాని నుంచి మరొకదానికి ఆ శక్తి వ్యాపించింది కూడా. దానికి కారణమైన బాక్టీరియాకు 1992లో ఆయన పేరు మీద సినర్జిస్టెస్ జోనెసీ అని నామకరణం చేశారు.

ఇది ఎందుకు నిలిచింది? దాని ఆహారాన్ని ఆ కడుపులో మరెవరూ తినరు కనుక. ఖాళీగా ఉన్న కుర్చీలో అది కూర్చున్నది. సెల్యులోజు విషయంలో కుర్చీలన్నీ కోట్ల సంవత్సరాలుగా నిండి ఉన్నాయి. బయటి నుంచి వచ్చిన బాక్టీరియా స్థానికులతో పోటీపడి నెగ్గడం కష్టం. పీచు జీర్ణత కోసం కొత్త జీవిని వెతికే పరిశోధకుడు ముందు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుకోవాలి.

వాడదగిన సందర్భాలు, నిల్వ

మేత నుంచి దాణాకు హఠాత్తుగా మార్చవలసి వచ్చినప్పుడు, అమ్మకానికి గొర్రెపిల్లలను దాణాపై బలిపించేటప్పుడు, రోజుకు పది లీటర్లకు మించి పాలిచ్చే సంకరజాతి ఆవు ఎండ తాకిడితో మేత తగ్గించినప్పుడు జీవ ఈస్ట్ వాడకానికి అర్థమున్నది. యాంటీబయోటిక్‌లు వాడిన తరువాత మేత ముట్టని పశువుకు, ఆరోగ్యవంతమైన పశువు పెద్దపొట్ట ద్రవాన్ని తాపించడం పశువైద్యులు ఎరిగిన పాత చికిత్సయే. కబేళాలో దొరికే ఆ ద్రవంలో ఉన్నంత వైవిధ్యం ఏ పొట్లంలోనూ లేదు. అయితే రోగాలు సోకని పశువుదై ఉండాలి, పశువైద్యుని చేతి మీదుగానే జరగాలి. పగలంతా బీళ్లలో మేసి వచ్చే గొర్రెల మందకు ప్రతిదినమూ పొడి తినిపించడం ఆచరణలో కుదరని పని.

ఇక నిల్వ. కొన్నేళ్ల కిందట ఒక శిక్షణ కార్యక్రమంలో పంచిన పొట్లాలను నేనే ఏప్రిల్ నెలలో ఒక రైతు ఇంట రేకుల కొట్టం దూలంపై చూశాను. బయట 41 డిగ్రీలు. రేకు కింద ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చును. రెండు నెలలుగా ఆయన తప్పక వేస్తూనే ఉన్నారు. ప్రయోజనం కనిపించలేదన్నారు. పొట్లాలు పంచినవారిలో నేనూ ఉన్నాను. చల్లగా నిల్వ చేయాలని చెప్పినవారు మాలో ఒక్కరూ లేరు. ఆ ఇంట ఫ్రిజ్ లేదన్న సంగతి కూడా మేము అడుగలేదు.

జీవ ఈస్ట్ బతికి ఉన్నదో లేదో ఇంటి వద్దనే చూడవచ్చును. గోరువెచ్చని నీటిలో కొద్దిగా బెల్లం కరిగించి, చెంచా పొడి వేసి, అరగంట కదపకుండా ఉంచితే నురుగు పొంగాలి. పొంగకపోతే అది జీవ ఈస్ట్‌గా పనికిరాదు. ఈస్ట్‌ను పులియబెట్టి ఎండబెట్టిన 'ఈస్ట్ కల్చర్' రకం పొడులకు ఈ పరీక్ష వర్తించదు. కేంద్రాలలో క్లోరాంఫెనికాల్ కలిపిన పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్‌పై కణాల లెక్క తీయడం బి.యస్సీ విద్యార్థి చేయగల పని. పొట్లంపై రాసిన సంఖ్య కొన్ననాటిది కాక, మేపిన నాటిది తెలియాలి.

రైతు పొలంలో పరీక్షించే విధం

"నాలుగు ఆవులకు వేశాం, పాలు పెరిగాయి" అన్న నివేదికలు మనకు తరచుగా వస్తాయి. పెరగవలసినది పావు లీటరు. ఆవుకు ఆవుకు ఆ మార్పులో ఉండే విచలనం 0.6 లీటరు అనుకొంటే, ఒకే ఆవును పొడితో, పొడి లేకుండా చూసే పద్ధతిలో కూడా ఆ తేడాను 80 శాతం నమ్మకంతో పట్టుకోవడానికి సుమారు 45 ఆవులు కావాలి. నాలుగు ఆవులతో కనిపించేది వాతావరణం కావచ్చు, కొత్త చొప్ప కావచ్చు, శాస్త్రవేత్త వస్తున్నాడని రైతు అదనంగా వేసిన తవుడు కావచ్చు. చివరిదే ఎక్కువసార్లు జరుగుతుందని నా అనుమానం.

కాబట్టి ఒక్కో గ్రామంలో నలుగురైదుగురు రైతుల చొప్పున పది గ్రామాలను కలుపుకొని, సగం ఆవులకు మొదట పొడి, సగానికి తరువాత పొడి వచ్చేటట్లు మార్పిడి పద్ధతిని అనుసరించడం మంచిది. ప్రతి దశకు 21 రోజులు. మొదటి రెండు వారాలను అలవాటుకు వదలి, చివరి వారం పాలను, తిన్న మేతను, గాడిలో మిగిలిన మేతను తూచాలి. పోలికకు ఏమీ వేయని పశువును కాక, ఆటోక్లేవ్‌లో చంపిన అదే ఈస్ట్‌ను అంతే మోతాదులో వేసిన పశువును ఉంచాలి. ఈస్ట్ కణంలో మాంసకృత్తులు, బి విటమినులు ఉంటాయి. చచ్చిన ఈస్ట్‌తో కూడా అంతే పాలు పెరిగితే, పనిచేసింది ప్రోబయోటిక్ కాదు, పిడికెడు పోషకమే. మేత పరీక్షకు ఓర్స్కోవ్, మెక్‌డొనాల్డ్ 1979లో వివరించిన నైలాన్ సంచి పద్ధతికి పెద్దపొట్టకు రంధ్రం అమర్చిన పశువు కావాలి. అది లేని కేంద్రాలు టిల్లీ, టెర్రీల 1963 నాటి రెండంచెల గాజునాళిక పద్ధతితో, పశువైద్య కళాశాల సహకారంతో పని సాగించవచ్చును. ఏ పద్ధతియైనా, పరీక్షించే మేత రాప్తాడు వామి నుంచి, అదీ ఏప్రిల్ నెలలో తీసినదై ఉండాలి. నవంబరులో తీసిన పచ్చని కట్టెపై ఏ పొడియైనా బాగానే పనిచేసినట్లు కనిపిస్తుంది.